కట్ట కింద తడి

ఇర్వింగ్, టెక్సస్
మార్చి 9

సుందర్‌కి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆదివారం మనిద్దరం ఫోన్లో అరుచుకున్నాక కృతి నాకు మెసేజ్ పెట్టింది: "మమ్మీ, మీరిద్దరూ పేపర్ మీద కొట్టుకోండి, ప్లీజ్. నాకు ఫిజిక్స్ ఎగ్జామ్ ఉంది." పిల్ల న్యాయంగానే చెప్పింది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో "సరేలే" అని పెట్టేయలేవు. నేను ఏడ్చినా నీకు వినపడదు.

ఇక అసలు సంగతి. మంగళవారం నలభై మందితో మీటింగ్. నా స్క్రీన్ అందరికీ కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడే క్యారీ నుంచి మన కాలనీ అసోసియేషన్ వాళ్ళ నోటీసు వచ్చింది, ఫొటోతో సహా. నా పసుపు రెయిన్‌కోటు వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేపని పసిపిల్లలా ఎత్తుకుని నువ్వు. నీ వెనక "ఇక్కడ చేపలు పట్టరాదు" అని బోర్డు. ఆ బోర్డు కూడా ఫొటోలో పడేలా నిలబడ్డావు చూడు, అదీ నీ ప్రత్యేకత. మా మేనేజర్ హర్షవర్ధన్ "జోసఫిన్, ఈజ్ దట్ ఎ న్యూ ప్రాజెక్ట్?" అన్నాడు. నలభై మందీ నవ్వారు.

ఇల్లు కొన్నప్పుడు నీకు పని పర్మిట్ లేదని డీడ్‌లో నా పేరొక్కటే పెట్టాం. అందుకని నువ్వు అక్కడ చేప పడితే నోటీసు ఇక్కడ నాకొస్తుంది. ఇదెక్కడి ఖర్మ?

అది చెరువు కాదు సుందర్. వాన పడితే రోడ్ల మీది నీళ్ళూ, కార్ల కింద కారిన ఆయిలూ, లాన్లకి కొట్టిన మందూ వచ్చి చేరే గుంట. దానికి స్టార్మ్ పాండ్ అని పేరు పెట్టి, చుట్టూ గడ్డి వేసి, "వాటర్ వ్యూ" అని మనకి అమ్మారు.

కంపెనీ నన్ను ఇక్కడికి పంపి అయిదు నెలలైంది. జూన్‌లో కృతి హైస్కూల్ అయిపోతుంది, ఆగస్టులో రాలీలో కాలేజీ హాస్టల్‌కి వెళ్తుంది, ఇల్లు అమ్మేసి నువ్వు ఇక్కడికి వచ్చేస్తావు. ఇదే కదా అనుకున్నది? ఇల్లు అమ్మిపెట్టే రియల్టర్ నీకు ఆరుసార్లు ఫోన్ చేసిందట. నువ్వెత్తలేదట. చివరికి నాకు చేసింది. ఏం చెప్పను? మా ఆయన గుంట దగ్గర ఉన్నాడనా?

జవాబు రాయి. చేప గురించి కాదు. ఇంటి గురించి.

జోసఫిన్

*

క్యారీ, నార్త్ కరొలైనా
మార్చి 20

ప్రియమైన జోసీకి,

నీ ఉత్తరం అందింది. మీటింగ్‌లో అలా జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. రెయిన్‌కోటు ఉతికి ఆరేశాను.

కృతి బాగుంది. ఫిజిక్స్ బాగా రాసింది. రియల్టర్‌కి ఫోన్ చేస్తాను.

నువ్వెళ్ళాక నవంబర్‌లో ఒకరోజు పని అయిపోయాక ఊరికే గుంట చుట్టూ నడుస్తున్నాను. (నీ మాటే వాడుతున్నాను, చూడు.) నీళ్ళల్లో ఏదో మెలి తిరిగింది. మర్నాడు వెళ్ళి ఒక గాలం కొనుక్కొచ్చాను. ఇక్కడి వాళ్ళు దాన్ని లార్జ్‌మౌత్ బాస్ అంటారు. "బాస్ కాదు డాడీ, బ్యాస్" అంటుంది కృతి. ఆకుపచ్చ వీపు, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి గీత. నోరు మూసినా పెదవి చివర కంటి వెనక దాకా పోతుంది, అందుకే ఆ పేరు. ఎవరు తెచ్చి వేశారో తెలీదు. ఆయిలు నీళ్ళల్లో బతికి, పిల్లల్ని పెట్టి, మూరెడు పొడుగు పెరిగాయి. రబ్బరు వానపాము వేసి, దారం వదులు చేసి, ఓపిగ్గా కూచోవాలి. పట్టి, చూసి, వదిలేస్తాను. ఒక్కటి కూడా వండలేదు, ఒట్టు.

నోటీసు రాకముందు నుంచీ జాగ్రత్తగానే ఉంటున్నాను. అసోసియేషన్ ప్రెసిడెంట్ రాధాకృష్ణ గారి కిటికీ గుంట వైపే ఉంటుంది కదా. అందుకని వచ్చేటప్పుడు గుంట కట్ట దిగి, అవతల వరసగా కట్టిన టౌన్‌హోమ్‌ల వైపు నుంచి తిరిగి వస్తున్నాను. అక్కడ వానలేని రోజు కూడా నేల చిత్తడిగా ఉంటుంది. రెండో జత బూట్లు కూడా పాడయ్యాయి.

అన్నం వేళకి తింటున్నావా?

సుందర్

*

ఇర్వింగ్
ఏప్రిల్ 22

సుందర్ రాజ్ గారికి,

గారు అని ఎందుకు రాశానో తెలుసా? పోలీసులు కూడా తమరిని "సర్" అన్నారట కదా. కృతి చెప్పింది. అదీ నేను "డాడీ ఎలా ఉన్నాడు" అని మామూలుగా అడిగితే. "డాడీతో పోలీస్ మాట్లాడారు, బట్ ఇట్స్ ఫైన్, మమ్మీ." నీ కూతురికి అన్నీ ఫైనే. ఆ వెంటే రెండో నోటీసు కూడా నాకొచ్చింది.

నీ పని పర్మిట్ నా వీసా మీద ఉంది. నా వీసా ఈ ఉద్యోగం మీద ఉంది. గ్రీన్ కార్డు క్యూలో మన వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఇంత సన్నటి దారం మీద మన సంసారం నిలబడి ఉంటే, నువ్వు ఆ దారానికి రబ్బరు వానపాము కట్టి గుంటలో వేస్తున్నావు.

మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగారు. "మీ ఆయన కోసం ఏం ప్రార్థించమంటావమ్మా?" అంది పాస్టరమ్మ. "చేపల నుంచి విడుదల కోసం" అన్నాను. ఆవిడ నవ్వలేదు, రాసుకుంది. ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉన్న తెలుగు సంఘం మొత్తం నీ విడుదల కోసం ప్రార్థిస్తోంది.

నేను మార్చిలో రాసింది ఇంటి గురించి. దానికి నీ జవాబు ఒక్క ముక్క: "ఫోన్ చేస్తాను." చేశావా? లేదు. కనుక్కున్నాను.

జోసఫిన్

*

క్యారీ
మే 11

జోసీ,

పోలీసు విషయం నేనే చెప్పాల్సింది. చెబితే భయపడతావని ఊరుకున్నాను. జరిగింది ఇంతే. ఎవరో ఫోన్ చేశారు, ఒక కుర్ర ఆఫీసర్ వచ్చాడు.

"గుడ్ మార్నింగ్ సర్. ఈ కాలనీలోనే ఉంటారా?"

మన ఇంటి వెనక తలుపు చూపించాను. చేపలు పట్టే లైసెన్స్ చూపించాను.

"ఏం వాడుతున్నారు?" అన్నాడు.

"ఊదారంగు రబ్బరు వానపాము."

"ఇంత ఎండలో ఊదా పనిచెయ్యదు సర్, ఆకుపచ్చ వేసి చూడండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాగితం ఏమీ రాయలేదు.

ఇంకో సంగతి. కట్ట కింద మొదటి టౌన్‌హోమ్‌లో శ్రీవిద్య అని ఒకమ్మాయి ఉంటుంది. నెల కింద పాప పుట్టింది. వాళ్ళ నాన్న ఈశ్వరయ్య గారు పురుటికని వచ్చారు. ఏలూరు దగ్గర ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారట. పొద్దున్నే కట్ట మీద నడుస్తారు. మొన్న నేను దిగి వస్తుంటే ఆ చిత్తడి దగ్గర ఆగారు.

"ఏంటి బాబూ, ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా?"

గొంతుక్కూచుని ఆ నీళ్ళు అరచేతిలోకి తీసుకుని ఎండకి పట్టి చూశారు. "తేట నీరైతే పర్లేదు, ఊట అనుకోవచ్చు. ఇది మట్టిని మోసుకొస్తోంది. లోపల బుంగ పడుతోంది. ఎవరికన్నా చెప్పాలయ్యా."

నేను చెబుతానన్నాను.

సుందర్

*

ఇర్వింగ్
మే 19

సుందర్,

రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకని ఇది రేపే అందేలా పంపుతున్నాను.

నీ పాత ఉత్తరం ముందు పెట్టుకుని రాస్తున్నాను. మార్చి 20. "అక్కడ వానలేని రోజు కూడా నేల చిత్తడిగా ఉంటుంది. రెండో జత బూట్లు కూడా పాడయ్యాయి." రెండో జత అంటే, మొదటి జత ఎప్పుడు పాడైంది? ఫిబ్రవరిలోనా? జనవరిలోనా?

నువ్వు సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసేవాడివి. తెర మీద ఒక చుక్క పక్కకి జరిగితే పట్టుకుంటావు. మూడు నెలలుగా రోజూ అదే చోట కాలు తడుస్తుంటే ఆ నీళ్ళు ఎక్కడివని నీకు అనుమానం రాలేదంటే నేను నమ్మను. పదహారేళ్ళుగా నీతో కాపురం చేస్తున్నాను... కాదు, పంతొమ్మిది. కోపంలో లెక్క కూడా తప్పుతోంది.

ఈశ్వరయ్య గారితో "చెబుతాను" అన్నావు. రియల్టర్‌కి ఫోన్ "చేస్తాను" అన్నట్టే. ఆ కట్ట కింద వరసగా పదకొండు ఇళ్ళున్నాయి. మొదటి ఇంట్లో నెల పిల్ల.

నిజం రాయి. ఎందుకు చెప్పలేదు?

జోసఫిన్

*

క్యారీ
జూన్ 15

జోసీ,

నువ్వు కృతి గ్రాడ్యుయేషన్‌కి వచ్చిన మూడు రోజులూ ఫొటోలు తీసుకుంటూనే ఉన్నాం. నీ ప్రశ్నకి జవాబు అప్పుడు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రాయడమే తేలికని ఇప్పుడు తెలుస్తోంది.

నాకు ఫిబ్రవరి చివర్లోనే అనుమానం వచ్చింది. మార్చికల్లా తెలుసు. చెబితే ముందు నీళ్ళు తోడేస్తారు. నీళ్ళు తోడేస్తే చేపలు చచ్చిపోతాయి. పొద్దున్నే గుంట దగ్గర ఆ గంట ఒక్కటే నాకు రోజంతటిలో బాగుండేది. అది పోతుందని నోరు మూసుకున్నాను. ఇంతకన్నా కారణం లేదు. ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు.

నీ ఉత్తరం అందిన రోజే రాధాకృష్ణ గారి ఇంటికి వెళ్ళాను. ఆ చిత్తడికి నేను ఫోన్లో తీసిన ఫొటోలన్నీ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తేదీలు చూశారు.

"సుందర్ గారూ, ఇవన్నీ నోటీసు ఇచ్చాక తీసినవి."

"అవునండీ. ఆ నీళ్ళు చూడండి ముందు."

"మీరు అక్కడ ఉండకూడదు కదా. ఉండకూడని చోట మీరు చూసింది నేను రికార్డులో ఎలా పెట్టను? మన తెలుగువాళ్ళే రూల్స్ తప్పితే నాకెంత ఇబ్బందో తెలుసా?"

ఏటా ఇన్‌స్పెక్షన్ అవుతుంది, నవంబర్‌లో వస్తారు, అప్పుడు చూస్తారన్నారు. మూడో నోటీసు నీకు ఈపాటికి అందే ఉంటుంది. సాక్ష్యం నేనే ఇచ్చాను.

జూలైలో కాలనీ మీటింగ్ ఉంది. డీడ్‌లో పేరున్న వాళ్ళకే మాట్లాడే హక్కు. నాకు లేదు. నీకుంది.

గాలం గరాజ్‌లో పెట్టేశాను. ఇది నువ్వు మెచ్చుకోవాలని రాయడం లేదు.

సుందర్

*

ఇర్వింగ్
జూలై 14

సుందర్‌కి,

నోటీసులు నాకు, ఇప్పుడు మీటింగ్ కూడా నాకు. నువ్వు బూట్లు తడుపుకున్నావు, నేను వివరణ ఇచ్చుకోవాలి. సరే.

ఆఫీస్‌లో చిన్న రూమ్ బుక్ చేసుకుని లాప్‌టాప్ ముందు కూచున్నాను. మొదటి నలభై నిమిషాలు చెత్తడబ్బాల రంగు గురించి మాట్లాడుకున్నారు. నా వంతు వచ్చింది. రాధాకృష్ణ గారు తెలుగులోనే మొదలుపెట్టి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి ఇంగ్లీషులోకి మారారు.

"మేడమ్, మీరిప్పుడు ఇక్కడ ఉండట్లేదు కదా?"

"ఉండకపోయినా ఇల్లు నాదేనండీ. మూడు నోటీసులు పంపేటప్పుడు నేనెక్కడున్నానో మీరు అడగలేదు."

ఎవరో నవ్వారు. ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. "మా ఆయన రూల్ తప్పాడు. దానికి మీరు ఏం వేస్తారో వెయ్యండి, కడతాను. కానీ అతను అక్కడ ఉండకూడదు కాబట్టి ఆ నీళ్ళు అక్కడ లేవంటే ఎలా? కట్ట కింద పదకొండు ఇళ్ళున్నాయి. నవంబర్ దాకా తుఫాన్లు ఆగుతాయా?" అన్నాను. శ్రీవిద్య పాపని భుజాన వేసుకుని తెర మీదకొచ్చి, మా నాన్న కూడా ఇదే అంటున్నారంది. ఓటు పెట్టారు. ఇంజనీర్‌ని పిలుస్తున్నారు. ఈ నెలలోనే.

తెర ఆపేసి అదే రూమ్‌లో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నిన్ను నిజం రాయమని నిలదీశాను. నువ్వు రాశావు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

కంపెనీ నన్ను ఇక్కడికి పంపలేదు, సుందర్. హర్షవర్ధన్ ముగ్గురిని అడిగాడు, ఇష్టమైతే రండి అని. నేను చేయెత్తాను. నీతో మాత్రం "వెళ్ళక తప్పదట" అన్నాను.

ఎందుకంటావా? పోయిన సెప్టెంబర్లో ఒకరోజు కూర కలుపుతూ లెక్కపెట్టుకున్నాను, పొద్దుట్నుంచీ నువ్వు నాతో ఎన్ని మాటలన్నావో. ఏడు. అందులో రెండు "ఉప్పు". నేనేం అడిగినా తల ఊపుతావు, ఏదీ వద్దనవు, ఏదీ కావాలనవు. ఆ ఇంట్లో నేనుంటే ఎంత, లేకపోతే ఎంత అనిపించింది. పోయి చూద్దామనిపించింది.

ఇదీ సంగతి.

జోసఫిన్

*

క్యారీ
జూలై 28

జోసఫిన్‌కి,

ఉత్తరం అందింది. చదివాను.

ఇంజనీర్ బుధవారం వస్తున్నాడు. లాన్ కోసేవాడిని మార్చాను. కృతిని ఆగస్టు 15న హాస్టల్‌లో దింపాలి, నువ్వు వస్తే ముగ్గురం వెళ్దాం.

సుందర్ రాజ్

*

క్యారీ
ఆగస్టు 24

జోసీ,

హాస్టల్లో కృతి మంచం కిందకి పెట్టెలు తోస్తూ ఇద్దరం అంత దగ్గరగా ఉండి కూడా మాట్లాడుకోలేదు. నువ్వు అదే సాయంత్రం విమానం ఎక్కేశావు. ఇప్పుడు మాత్రం రాయక తప్పదు. అడ్డు చెప్పకుండా చివరిదాకా చదువు.

ఇంజనీర్ వచ్చి చూశాడని ఫోన్లో చెప్పాను కదా. గుంటలోని నీళ్ళు ఎక్కువైతే బయటికి పంపడానికి కట్ట లోపలి నుంచి ఒక ఇనప గొట్టం పోతుంది. అది తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆ చిల్లుల వెంట మట్టి కొట్టుకుపోతూ కట్ట లోపల బోలు అవుతోంది. వెంటనే పంపు పెట్టి నీళ్ళు దించమన్నాడు, రిపేరు సెప్టెంబర్లో అన్నాడు. సగం దించారు.

గురువారం తుఫాను వాన పట్టుకుంది. పొద్దుట్నుంచీ ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికి నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ఎవరో వెనక తలుపు బాదుతున్నారు. ఈశ్వరయ్య గారు. గొడుగు ఎక్కడో పోయింది, పంచె ఒంటికి అతుక్కుపోయింది.

"కట్ట జారుతోంది బాబూ. కింద వాళ్ళకి చెప్పాలి. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కాదు."

లాప్‌టాప్ అలాగే వదిలేసి పరిగెత్తాను. పదకొండు తలుపులూ కొట్టాను. ఒకతను తలుపు కొంచెం తీసి, "నువ్వా చేపల మనిషివి కదా?" అన్నాడు. "అవును, నేనే. కట్ట తెగుతోంది, బయటికి రండి" అన్నాను. ఒకావిడ పిల్లి కోసం మళ్ళీ లోపలికి పోబోతే చెయ్యి పట్టుకుని లాగాను. శ్రీవిద్య ఒక్కతే ఉంది, వాళ్ళాయన ఆఫీస్‌లో. పాపని నా చేతికిచ్చి తండ్రిని పట్టుకుని నడిచింది. అందరినీ మనింటికి తెచ్చాను. హాల్లో, మెట్ల మీద, వంటింట్లో, పాతికమంది దాకా.

కట్ట తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన బస్తా జారిపడ్డట్టు వినిపించింది. కిటికీలోంచి చూస్తే కట్ట మధ్యలో కారు పట్టేంత గండి. ఎర్రనీళ్ళు మొదటి నాలుగిళ్ళ గరాజుల్లోకి మోకాలి లోతున పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. గుంట నిండుగా ఉండుంటే కింది అంతస్తులు మిగిలేవి కావని ఇంజనీర్ అన్నాడు. ఆ నీళ్ళు సగానికి దిగాయంటే అది నీవల్ల, నువ్వు మీటింగ్‌లో మాట్లాడినందువల్ల.

వాన వెలిశాక కిందకి వెళ్ళాను. పార్కింగ్ నిండా చేపలు. గడ్డిలో, మెట్ల మీద, టైర్ల కింద. వెనక రెక్క చిరిగినది ఒకటుంది, దాన్ని నేను మూడుసార్లు పట్టి మూడుసార్లూ వదిలేశాను. అది శ్రీవిద్య కారు కింద పడి ఉంది. ఇంకా నోరు తెరుస్తోంది. చేతుల్లోకి తీసుకున్నాను. తీసుకెళ్ళి వదలడానికి నీళ్ళు లేవు.

ఇంటికి వచ్చేసరికి శ్రీవిద్య సోఫాలో ఉంది. పాప ఏడుస్తుంటే కాసేపు నేనెత్తుకున్నాను.

"మీరు లేకపోతే ఏమయ్యేదో అన్నయ్యా" అంది. అందరూ నా వైపు చూస్తున్నారు. రాధాకృష్ణ గారు కూడా అక్కడే ఉన్నారు.

"నాకు మార్చి నుంచీ తెలుసమ్మా" అన్నాను. "చెబితే నీళ్ళు తోడేస్తారని ఊరుకున్నాను. అప్పుడే చెప్పుంటే ఈపాటికి బాగయ్యేది."

ఆ అమ్మాయి లేచి నా చేతుల్లోంచి పాపని తీసుకుంది. ఈశ్వరయ్య గారు మర్నాటి నుంచి నడకకి మన ఇంటి వైపు రావడం లేదు.

సుందర్

*

ఇర్వింగ్
సెప్టెంబర్ 2

సుందర్,

మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగకుండానే. పక్కకారు వాళ్ళు అద్దం మీద తట్టి బాగానే ఉన్నారా అని అడిగారు.

ఆ అమ్మాయి అడగలేదు. నువ్వే చెప్పావు, అంతమంది ముందు. నాకు చెప్పడానికి మాత్రం నీ పాత ఉత్తరం తీసి నీ మొహాన పెట్టాల్సి వచ్చింది. ఏది చూసి సంతోషించాలో, ఏది చూసి మండిపడాలో తెలీక రెండూ చేస్తున్నాను.

ముందు వెళ్ళి ఆ గరాజులు కడుగు. క్షమించమని అడగడానికి వెళ్ళకు. అడిగితే వాళ్ళు మర్యాదకి "పర్లేదు" అనాలి, అది ఇంకో భారం. పార పట్టుకుని వెళ్ళు. తలుపు తీయకపోతే బయట మట్టి ఎత్తు.

ఇక మన సంగతి. నేను చేయెత్తి మరీ వచ్చేశానని నీకు రాశాను. ఆ కాగితం పోస్టు చెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది. దానికి నువ్వు పంపిన జవాబులో లాన్ కోసేవాడు ఉన్నాడు. నేను లేను! "ఎందుకెళ్ళావ్" అనలేదు. "సిగ్గులేదా" అనలేదు. కనీసం తిట్టుంటే ఒక మనిషి తిట్టాడని అనుకునేదాన్ని. పాతికమందికి నిజం చెప్పిన నోరు అది. నీకేం కావాలో నాతో ఒక్కసారి చెప్పడానికి దానికి ఏమొచ్చింది?

కృతి ఫోన్ చేసింది. కాలేజీ క్యాంటీన్ అన్నం బాగోలేదట. అదొక్కటే మంచి వార్త, ఇంటి కూర గుర్తొచ్చింది దానికి.

జోసఫిన్

*

క్యారీ
సెప్టెంబర్ 18

జోసీకి,

పార పట్టుకునే వెళ్ళాను. ఆఫీస్‌కి వారం సెలవు పెట్టాను. నాలుగు గరాజుల్లోనూ జానెడు ఎర్రమట్టి, ఎండి ఇటుకలా అయింది. మొదటి రోజు శ్రీవిద్య లోపలి తలుపు తీయలేదు. రెండో రోజు రాధాకృష్ణ గారు కొత్త రబ్బరు బూట్లు వేసుకుని వచ్చారు. గంటసేపు మట్టి ఎత్తారు. తర్వాత పార ఆపి, "మీకు మార్చి నుంచి తెలుసన్నారు. నాకు మే నుంచి తెలుసు కదండీ" అన్నారు. ఇద్దరం మళ్ళీ పనిలో పడ్డాం. మూడో రోజు మెట్టు మీద రెండు కాఫీ కప్పులు ఉన్నాయి. ఎవరు పెట్టారో చూడలేదు. శనివారం ఈశ్వరయ్య గారు వచ్చి, "అలా కాదయ్యా, గోడ వారన ముందు తడుపు" అని తిట్టారు. ఆ తిట్టు నాకెంత హాయిగా ఉందో నీకొక్కదానికే చెప్పగలను. కానీ పాపని ఎత్తుకోమని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు.

ఇప్పుడు రెండోది. జూలైలో నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. ప్లేటు పగలగొట్టాను. నీ నీలం అంచు ప్లేటు, అందుకని రాయలేదు. నన్ను వదిలించుకోవడానికి నువ్వు చేయెత్తావని వారం రోజులు అన్నం దిగలేదు. నువ్వు వెళ్తానన్న రోజు "వద్దు" అనాలనుకున్నాను. నా పర్మిట్ నీ ఉద్యోగం మీద ఆధారపడి ఉంటే నేను వద్దనడమేంటి అనిపించింది. ఈ దేశం వచ్చిన ఈ తొమ్మిదేళ్ళలో చాలా విషయాల్లో అలాగే అనిపించి ఊరుకున్నాను. ఊరుకుంటే నీకు అడ్డు రాకుండా ఉన్నట్టు అనుకున్నాను. అది నీకు ఇంట్లో మనిషి లేనట్టు ఉంటుందని తట్టలేదు.

నాకేం కావాలో అడిగావు. నువ్వు కావాలి. నేను అక్కడికి వచ్చేస్తాను. ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా నీ ఇష్టం అనబోయాను, కొట్టేశాను. అమ్మేద్దాం. రియల్టర్‌తో నిన్న గంటసేపు మాట్లాడాను, కాగితాలు నీకు పంపిస్తుంది, సంతకం పెట్టు. ముందు ఒకసారి వచ్చి నీ ఎదురుగా కూచుని ఇవన్నీ నోటితో చెప్పాలి. ఇరవై ఏడు, శనివారం, ఉదయం పదకొండున్నరకి దిగుతాను. వద్దంటే ఈలోగా చెప్పు. వద్దనకు.

సుందర్

*

ఇర్వింగ్
సెప్టెంబర్ 23

సుందర్,

కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టి పంపేశాను. ప్లేటు సంగతి తర్వాత మాట్లాడదాం. అది మా అమ్మ ఇచ్చిన సెట్టు.

పంతొమ్మిదేళ్ళలో నువ్వు నాకు రాసిన మొదటి సరైన ఉత్తరం ఇది. తేదీ రాశావు, వారం రాశావు, నిమిషాలతో సహా టైమ్ రాశావు. ఏ ఎయిర్‌పోర్టో మాత్రం రాయలేదు. ఇక్కడ రెండున్నాయి, మహానుభావా. ఒకటి ఇటు, ఒకటి అటు, మధ్యలో శనివారం హైవే. ఇంత పెద్ద మాట చెప్పడానికి బయలుదేరిన మనిషి ఎక్కడ దిగుతాడో చెప్పొద్దా?

ఇది అందగానే చెప్పు. చెప్పకపోయినా వస్తాను. ముందు పెద్దదానికి వెళ్తాను, అక్కడ కనపడకపోతే రెండోదానికి వస్తాను. కదలకుండా నిలబడు.

జోసీ